ఎడమ భుజం

ప్రియమైన వదినకి,

నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఇదైతే మోగదు. నీకు బుద్ధి పుట్టినప్పుడు విప్పుకోవచ్చు.

నేను బాగానే ఉన్నాను. కళ్ళజోళ్ళ షాపులో పొద్దస్తమానం అద్దాలు అరగదీయడమే పని. ఆదివారాలు మాత్రం ఓనరు వెనక గది వాడుకోనిస్తాడు. సినిమా హీరోల బొమ్మలు పోగేసే మా గుంపంతా అక్కడే చేరుతుంది. మావాళ్ళ సంగతి నీకు తెలుసుగా. బూటు మీద కుట్టు ఒకటి తక్కువైతే ఇంట్లో దొంగలు పడ్డంత రభస చేస్తారు. బొమ్మ తెర మీద ఉన్నట్టే ఉండాలి. అదే వాళ్ళ పంతం.

ఆ సినిమా బొమ్మ వచ్చింది వదినా. నీలం సూట్. వంతెన మీంచి దూకేటప్పటి భంగిమ. అడుగు ఎత్తు ఉంటుంది, సూట్ నిజం బట్టతోనే కుట్టారు. అందరూ వేలు పెట్టి చూపిస్తున్నది ఒకటే, ఎడమ భుజం కిందికి వాలి ఉంది. హీరోకి అలా ఉండదు. మా గుంపులో ఒక డ్రాయింగు మాస్టారున్నారు. సినిమాని ఎక్కడికక్కడ ఆపి కొలుస్తుంటారని మేం ఆయన్ని పాజ్ మాస్టారంటాం. ఆయన మిగతా సీన్లన్నీ వేసి చూపించి, భుజం తప్పని తేల్చేశారు. సరిచేసి మళ్ళీ అచ్చు పోయమని కంపెనీకి రాస్తున్నారు. అందరూ సంతకాలు పెడుతున్నారు.

నేను పెట్టలేదు. ఆ దూకుడు హీరోది కాదు కదా. డూప్‌గా దూకింది అన్నయ్య. చిన్నప్పుడు గోడ మీంచి పడ్డ దగ్గర్నుంచీ ఆ భుజం అలాగే ఉండేది. షూటింగుకి వెళ్ళే ముందు నన్ను ఆటపట్టించాడు కూడా, "చూస్తూ ఉండు, నీ అలమరాలోకి నేనూ వస్తాను. మొహం మాత్రం వాడిది పెడతారు" అని.

నేనెవరి చెల్లెల్నో అక్కడ ఎవరికీ తెలియదు. చెప్పమంటావా?

నీ చిట్టి

*

చిట్టికి,

నీ ఉత్తరం అందింది. చెప్పొద్దు.

నేను ఆ సినిమా చూడలేదు. చూడకూడదని ఒట్టేం పెట్టుకోలేదు. వెళ్ళాలనిపించలేదు, అంతే. ఇప్పుడు నువ్వు చెప్పావనుకో, మీ మాస్టారు ఆ ముక్క దగ్గర ఆపుతారు, వెనక్కి తిప్పుతారు, మళ్ళీ వేస్తారు. తాడు జారి చచ్చిపోయిన మనిషిని అందరూ మెడలు చాచి చూస్తారు. భుజం సరిచేస్తే చేసుకోనీ. బొమ్మే కదా.

ఇక్కడ పని బాగానే ఉంది. హోటల్ లాండ్రీలో ఇప్పుడు నన్ను దుప్పట్ల మిషను దగ్గర వేశారు. తడి దుప్పటి ఇటు పెడితే అటు వేడిగా బయటికొస్తుంది. ఇద్దరం చెరో కొసా పట్టుకుని మడతపెట్టాలి. అవతలి కొస పట్టుకునే ఆమె మాట్లాడే మనిషి కాదు. అది నాకు హాయి.

జనం నన్ను చూసి మాటలాపి ఎదురుచూస్తారు, ఏడుస్తానేమోనని. దాచుకుంటున్నాననుకుంటారు. దాచుకోవడానికి నా దగ్గరేం లేదు చిట్టీ. తింటున్నాను, పడుకుంటున్నాను. నా గురించి బెంగ వద్దు.

మీ వదిన

*

ప్రియమైన వదినకి,

ఎలా మొదలుపెట్టాలో తెలియక ఈ ఉత్తరం చాలాసార్లు చింపేశాను. చెప్పేశాను వదినా.

చెప్పాలని వెళ్ళలేదు. కిందటి ఆదివారం మా గుంపులో ఉన్న పళ్ళ డాక్టరు బొమ్మని లైటు కింద పెట్టి తిప్పుతూ, ఎవడో వంకర మనిషిని పట్టుకొచ్చి అచ్చు పోసినట్టున్నారని నవ్వాడు. అందరూ నవ్వారు. నాకు తెలియకుండానే అనేశాను.

"ఆ వంకర మనిషి మా అన్నయ్య. ఆ షాట్ తీస్తూనే పోయాడు."

పాజ్ మాస్టారు లాప్‌టాప్ మూసేశారు. డాక్టరు బొమ్మని బల్ల మీద దించి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. వేరెవరి గురించో చెప్పినట్టుంది. నువ్వు రాసిందేమిటో అప్పుడర్థమైంది.

సంతకాల కాగితం పక్కన పడేసి ఇంకోటి రాశారు, భుజాన్ని ముట్టుకోవద్దని. తెర మీద ఉన్నదీ అదేనని. కంపెనీ ఒప్పుకుంది. ఇకమీదట పెట్టె మీద వంతెన దూకుడు చేసిన డూప్‌కి అంకితమని ఒక వరుస వేస్తారట. పేరు వేయమంటావా అని నన్నడిగారు. నిన్నడిగి చెప్తానన్నాను.

నీకొక బొమ్మ పంపిస్తున్నాను. నా మీద కోపం వస్తే తిట్టు, కానీ ఊరుకోకు.

నీ చిట్టి

*

చిట్టికి,

బొమ్మ వచ్చింది. పెట్టె విప్పలేదు. బల్ల కింద ఉంది. ఊడ్చేటప్పుడు పక్కకి జరిపి, మళ్ళీ అక్కడే పెడుతున్నాను.

కోపం తెచ్చుకుందామని కూర్చున్నాను. వద్దన్నా చెప్పింది కదా అని మనసులో అనుకుని చూశాను. రాలేదు. మొన్న మిషను దగ్గర మణికట్టు కాలింది. దుప్పటి మడత పెట్టే ఆమె చూసి, చెయ్యి లాక్కోమని అరిస్తే గానీ నాకు తెలియలేదు. తోలు ఊడింది. మందు రాశారు, మానుతోంది. చేతిదీ మనసుదీ ఒకటే జబ్బులా ఉంది.

పేరు సంగతి తర్వాత చూద్దాం. నాకొకటి చెప్పు. మీవాళ్ళు ఆ షాట్‌ని ఎక్కడ ఆపుతారు? కింద పడక ముందా, పడ్డాకా?

మీ వదిన

*

ప్రియమైన వదినకి,

గాలిలో ఉండగా ఆపుతారు. సినిమాలో కింద పడడం లేనేలేదు. దూకుతాడు, వీపు మీది కేప్ గాలికి విచ్చుకుంటుంది, అక్కడికి షాట్ మారిపోయి హీరో మొహం వస్తుంది.

నీకు చెప్పకూడదేమో గానీ చెప్తున్నాను. పొద్దున్నే షాపు తెరవకముందు నేనొక్కదాన్నే ఆ ముక్క వేసుకుని చూస్తున్నాను. అన్నయ్య ఉన్నన్నాళ్ళూ వాడి మొహం వంక ఇంతసేపు చూసిన రోజు లేదు. ఇప్పుడు మొహం లేని మనిషిని చూస్తున్నాను. వాడక్కడ ఉన్నాడనిపిస్తుంది. కింద పడడు, అలాగే ఉంటాడు. అది చాలనిపిస్తుంది.

మీ వైపు పాత హాల్లో ఆ సినిమా మళ్ళీ వేశారట. ఒక్కసారి వెళ్ళిరా వదినా. నా కోసం.

నీ చిట్టి

*

ప్రియమైన చిట్టికి,

వెళ్ళాను. పగటాట. హాల్లో పదిమంది కూడా లేరు.

దూకే ముందు ఆ మనిషి వంతెన గోడ మీద కాసేపు నిలబడతాడు. నువ్వు భుజం చూశావు, నేను కాళ్ళు చూశాను. ఎత్తు మీద నిలబడితే మీ అన్నయ్య కాళ్ళు ఒకచోట ఉండవు. ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి బరువు మారుస్తూనే ఉంటాడు. పరుపులేసి ప్రాక్టీసు చేస్తుంటే నేను టిఫిన్ డబ్బా పట్టుకుని ఎన్నిసార్లు చూశానో. తెర మీద మనిషి రాయిలా నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూసుకోకుండా దూకేశాడు.

అది మీ అన్నయ్య కాదు చిట్టీ.

బయటికొచ్చి ఆ సినిమా ఫైట్ మాస్టారుకి ఫోన్ చేశాను. ఆయన అసలు సంగతి చెప్పాడు. ఆ రోజు తీసిందంతా పక్కన పెట్టేశారట. కొన్నాళ్ళు పని ఆపి, ఇంకో డూప్‌ని పెట్టి మళ్ళీ తీశారు. సూట్ లోపల తాడు కట్టే బెల్టు ఎడమవైపు ఉంటుందట, అది ఎవరు వేసుకున్నా భుజాన్ని కిందికి లాగుతుందట. మనకెందుకు చెప్పలేదని అడిగాను. మీరు అడగలేదమ్మా అన్నాడు. నిజమే. మనం అడగలేదు.

ఆ రెండో డూప్ అడ్రసు తీసుకున్నాను. ఎందుకో నాకే తెలియదు. ఊరి చివర ఒక జిమ్‌లో పిల్లలకి పల్టీలు నేర్పుతున్నాడు. నేనెవరో చెప్పగానే పిల్లల్ని పంపించేసి, కుర్చీ తుడిచి వేశాడు. తనకి టీ తెచ్చుకుని నాకూ ఒకటి ఇచ్చాడు. ఆ షాట్ గురించి చెప్పమన్నాను. చెప్పడానికేం లేదండీ, దూకాను, తాడు పట్టుకుంది, లేచి షాట్ బాగా వచ్చిందా అని అడిగాను, వచ్చిందన్నారు, అందరం టీ తాగాం అన్నాడు. ఆ మాటంటూ చేతిలో ఉన్న టీ ఒక గుటక తాగాడు.

అప్పుడు నాకు కోపం వచ్చింది. అరికాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది. ఆ మనిషి గొంతు దిగుతున్న గుటకని చూడలేకపోయాను. ఆయన తప్పేం లేదని తెలుసు. గ్లాసు కింద పెట్టి, మీరెలా లేచారని అడిగాను.

"తాడు పట్టుకుందండీ. అంతే" అన్నాడు. అని తల దించుకున్నాడు.

నేను లేచి వచ్చేశాను. బస్సులో ఎవరో చోటిస్తే కూడా కూర్చోలేకపోయాను. ఇంటికొచ్చాక నీ మీద కూడా కోపం వచ్చింది, చెప్పొద్దంటే చెప్పినందుకు. మీ అన్నయ్య మీద వచ్చింది, ఇంకొకడి సూట్ వేసుకుని ఎక్కడెక్కడో ఎక్కినందుకు. కట్టు కట్టిన చెయ్యి నొప్పి పెడుతోంది. నాకిదంతా ఏం చేసుకోవాలో తెలియడం లేదు, కానీ వదిలించుకోవాలని లేదు.

పెట్టె మీద పేరు వేయించొద్దు. మీ గుంపుకి ఏం చెప్తావో నీ ఇష్టం. బొమ్మలో తప్పేం లేదని మాత్రం చెప్పు. అది తెర మీద ఉన్న మనిషే. ఆ మనిషి బతికే ఉన్నాడు.

నువ్వు పొద్దున్నే చూసుకునేది నీ దగ్గర్నుంచి లాక్కున్నానని తెలుసు. అందుకే ఒక్కదానివే చదువుకునేలా ఉత్తరం పడేసి ఊరుకోవడం లేదు. సెలవు పెట్టాను, ఈ ఉత్తరం వెనకాలే నేనూ వస్తున్నాను. నువ్వు వెక్కి వెక్కి ఏడిస్తే పక్కన కూర్చుంటాను. నేను అరిస్తే నువ్వు ఊరుకో. ఆ తర్వాత, సూట్ తొడుక్కోక ముందు మీ అన్నయ్య ఎలా ఉండేవాడో నాకు చెప్పు. గోడ మీంచి పడ్డ రోజు నుంచి మొదలుపెట్టు. ఆ కథ నాకు సగమే తెలుసు.

కోపంతో, ప్రేమతో,
మీ వదిన