బ్యాగుకి పెట్టిన చీవాట్లు

అమ్మా, ఇక్కడ అందరం కులాసా. కొట్టు మూసెయ్యడం లేదు, బెంగ మానెయ్.

బ్యాగుల రిపేరుకి ఎవరూ రాక ఈగలు తోలుకుంటున్నామని కిందటి కార్డులో రాశాను కదా. నేను జిప్పు మారుస్తుంటే మీ అల్లుడు వీడియో తీసి నెట్‌లో పెట్టారు. నా మాట తీసేసి పాట పెడతానన్న మనిషి మర్చిపోయారు. పనిలో ఉంటే నా నోరు ఊరుకోదని నీకు తెలుసుగా. "పట్టనంత కుక్కుకుని, ఇప్పుడు నోరు మూతపడ్డం లేదంటే తప్పెవరిదే" అని ఆ బ్యాగుని దులిపేశాను. వేలమంది విన్నారట. సిగ్గుతో రెండ్రోజులు కొట్టుకే వెళ్లలేదు. మూడోరోజు వెళితే మెట్ల మీద ఏడుగురు, చేతుల్లో చిరిగిన బ్యాగులు. "మా బ్యాగుని కూడా నాలుగు తిట్టండమ్మా" అన్నారు.

ఇప్పుడు చేతినిండా పని. చిక్కల్లా ఏంటంటే, ఎదురుగా ఫోన్ పెట్టి తిట్టమంటే నాకు మాట పెగలడం లేదు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? తమ్ముడు వంటింటి కుళాయి బాగుచేయించాడా? నీ పెట్టెలో ఉన్న లావు సూది పంపించు. దాంతోపాటు, చిన్నప్పుడు అన్నం దగ్గర నన్ను తిట్టినవన్నీ గుర్తున్నంత మటుకు రాసి పంపు. మొహమాటపడి తగ్గించకు. అవన్నీ గాలికి పోయాయనుకున్నావు, ఇప్పుడు మా కొట్టు వాటి మీదే నడుస్తోంది.

నాన్నకి, నీకు దండాలతో,
నీ నోరే వచ్చిన కూతురు