ఉత్త చేతులతో ముట్టుకోవద్దు

మార్చి 3

అమ్మాయి కారు మా షెడ్డుకే వచ్చింది. ఇంజన్ లేదు, సీట్లు లేవు, అద్దాలు లేవు. ఒట్టి షెల్. ఇన్నేళ్లుగా ఎవరెవరి కార్లకో రంగు ఊడదీశాను, సొంత కూతురి కారు అనేసరికి చేతులాడటం లేదు. చైన్ పుల్లీకి తగిలించాం. ఈ పుల్లీయే ఒకప్పుడు నా చిటికెన వేలు నలిపేసింది, ఇప్పటికీ వంకరే. షెల్ గాల్లో మెల్లగా తిరుగుతుంటే కింద ఊరికే నిలబడి చూశాను.

వచ్చే నెల రేస్. షెల్ ఎంత తేలికైతే అంత మంచిదట. రంగు పోయి, తుప్పు పోయాక, ఆసిడ్‌లో ఇంకోసారి ముంచమంటోంది. అలా చేస్తే రేకు పలచబడుతుంది, బరువు తగ్గుతుంది. ఎవరు చెప్పారే నీకు అంటే, చిన్నప్పుడు నువ్వే చెప్పావుగా అమ్మా అంది. నా నోరు పడిపోను.

మార్చి 4

మొదటి ట్యాంక్. వేడి కాస్టిక్ సోడా నీళ్లు. రంగులు పొరలు పొరలుగా లేచాయి. పైన ఎరుపు, దాని కింద నీలం, ఆ కింద ఎవరో ఎప్పుడో ముచ్చటపడి వేయించుకున్న లేతపసుపు. పాల మీద మీగడలా తేలుతున్నాయి. ఆవిరికి గోడలు కనబడలేదు. ఎక్కడున్నానో కాసేపు తెలియలేదు.

మా ఆయన టీ తెచ్చాడు. ఆయన పెయింటర్. నేను ఊడదీస్తాను, ఆయన వేస్తాడు, కాపురం అలా గడిచిపోతోంది. నిలబడే నిద్రపోతున్నావా అన్నాడు. అవునన్నాను.

మార్చి 5, మధ్యాహ్నం

ఆసిడ్. తుప్పంతా పోయింది. కడిగాం, ఆరబెట్టాం. రంగు లేని కారు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో! తెల్లారబోయే ముందు ఆకాశం ఉంటుందే, ఆ రంగు. అమ్మాయి పుట్టినరోజున నర్సు తెచ్చి నా చేతుల్లో పెట్టడం గుర్తొచ్చింది. అప్పుడూ ముట్టుకోవడానికి భయమేసింది.

గోడ మీద పెద్దక్షరాలతో రాసే ఉంది, ఉత్త చేతులతో ముట్టుకోవద్దని. చెమట తగిలితే చాలు, తెల్లారేసరికి అక్కడ తుప్పు. అయినా మళ్లీ అరిచి చెప్పాను. ముట్టుకోలేదు మొర్రో అన్నాడు మా ఆయన.

రెండో ముంపు రేపు.

అదే రోజు, సాయంత్రం

మా ఆయన, అమ్మాయి ఇద్దరూ ఇంటికెళ్లాక షెల్ లోపలికి దూరాను. సీటు ఉండాల్సిన చోట కూర్చున్నాను. గ్లవ్స్‌తో నొక్కితే ఏం తెలుస్తుంది? విప్పేశాను. అమ్మాయి తల ఉండే చోట, పైన రూఫ్‌కు అరచెయ్యి ఆనించి నొక్కాను. టక్‌మని పొంగింది. చెయ్యి తీస్తే టక్‌మని వెనక్కొచ్చింది. ఇంకోసారి ముంచకముందే ఇలా ఉంది.

లోపల పైపుల చట్రం బిగిస్తారుగా అంటుంది అమ్మాయి. బిగిస్తారు. ఆ చట్రం నిలబడేదీ ఈ రేకు మీదే. కార్లు పల్టీలు కొట్టడం నేను కళ్లారా చూశాను.

మళ్లీ నొక్కాను. టక్. బయట మబ్బు పట్టింది. షెడ్డంతా నీళ్లు నిండి, షెల్లూ నేనూ తేలిపోతున్నట్టు అనిపించింది. ఎంతసేపున్నానో.

ఇంటికెళ్లి చెప్పేశాను. ఆసిడ్ బలం చచ్చిపోయింది, కొత్త సరుకు రేస్‌లోపు రాదు, రెండో ముంపు కుదరదని. పచ్చి అబద్ధం. ఆ ట్యాంక్ దగ్గరికెళ్తే ఇప్పటికీ కళ్లు మండుతాయి. సరేలే అంది అమ్మాయి.

మార్చి 6

రూఫ్ లోపల తుప్పు చెయ్యి. ఐదు వేళ్లూ.

మా ఆయన గావుకేక పెట్టాడు, ఈ షెడ్డులో చదువు రానిదెవరికి అని. సిగ్గు లేకుండా నేనూ ఆయనతో కలిసి అరిచాను. కానీ చిటికెన వేలు వంకర. అది చూశాక ఆయన బయటికెళ్లిపోయాడు.

అమ్మాయి లోపలికి దూరి చాలాసేపు చూసింది. చచ్చింది ఆసిడ్ బలమా, నీ ధైర్యమా అని అడిగింది. భయమేసిందే అన్నాను. నువ్వు గెలవకపోయినా ఫర్వాలేదే అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. నీకు ఫర్వాలేదమ్మా, నడిపేది నేను అంది.

ఒట్టేసి చెప్పాను, ఇప్పుడైనా ముంచమంటే ముంచేస్తానని. నిజంగానే ముంచేసేదాన్ని. నా మొహంకేసి చూసి, వద్దులే, ప్రైమర్ కొట్టేస్తాను అంది. ముందు ఆ మరక గీకెయ్యాలి, లేకపోతే రంగు పొంగుతుంది అన్నాను. నేను చూసుకుంటా, నువ్వెళ్లు అంది. నా షెడ్డులోంచి నన్నే తరిమేసింది! వెళ్తూ చూస్తే దాని గ్లవ్స్ డ్రమ్ము మీదే ఉన్నాయి. వేసుకోవే అని అరిచాను. తలుపేసుకుంది. స్ప్రే గన్ చప్పుడు చాలాసేపటికి గానీ మొదలవలేదు.

మార్చి 19

మాట్లాడుతోంది. అవసరానికి మాత్రం.

మార్చి 27, తెల్లవారుజామున

కలలో కారుకు రంగు లేదు, అమ్మాయికి హెల్మెట్ లేదు. నీళ్లలో నెమ్మదిగా పల్టీలు కొడుతున్నారు. చప్పుడే లేదు. నేను ట్యాంక్ గట్టు మీద కూర్చుని గ్లవ్స్ వెతుక్కుంటున్నాను.

ఏప్రిల్ 13

నాలుగో స్థానం. మూడో కారు కన్నా జానెడు వెనక. ఆ జానెడు నాదే. రెండో ముంపు పడి ఉంటే కప్పు చేతికొచ్చేది. అలా అనుకోకు అన్నాడు మా ఆయన, కానీ ఆయనకీ తెలుసు.

కారు దిగింది. హెల్మెట్ తీసింది, జుట్టంతా చెమట. ఆకలేస్తోందమ్మా అంది. తన కాళ్ల మీద తను నడిచి వచ్చింది, ఇంతకంటే నాకేం కావాలి అనుకున్నాను. కావాలి. అది నన్ను క్షమించాలి. ఆ మాట అడగకుండా టిఫిన్ డబ్బా తీసిచ్చాను.

ఆగస్టు 2

వానలు. కారు కడుగుదామని లోపలికి దూరాను. అనుకున్నట్టే రూఫ్‌కు రంగు పొంగింది. అమ్మాయి ఆ మరక గీకనే లేదు.

వంకర చిటికెన వేలుతో ఒక చెయ్యి. దాన్ని ఆనుకుని, పక్కనే ఇంకో చెయ్యి. కాస్త చిన్నది. దానికి వేళ్లన్నీ తిన్నగానే ఉన్నాయి.