ఈగలు ముట్టని పానకం

చిన్నాన్నా, ఇన్సేన్ ఊరి నుంచి దేవిని, దండాలు. నువ్విచ్చిన రెండు పెట్టెల తేనెటీగలూ బాగున్నాయి, బెంగెట్టుకోకు. వానలు తగ్గాక, చలికాలం పువ్వులు వచ్చేదాకా పంచదార నీళ్ళు పెట్టమన్నావు కదా. నేను డ్యూటీకి వెళ్ళిన పూట మా అత్త బెల్లం పానకం కలిపి, మిరియాలు, యాలకులు వేసి, కోవెల్లో నైవేద్యంలా పెట్టేసింది. ఒక్క తేనెటీగ ముట్టలేదు, చీమలు మాత్రం బారులు తీరాయి. "దేవుడు తాగేది వీటికి పనికిరాదా ఏటి?" అని అలిగింది. గిన్నెలు కడిగి పంచదార నీళ్ళు పోస్తే సాయంత్రానికి ఖాళీ.

నల్లబడిన పాత తేనెపట్టు ఇప్పుడే తీసేయాలా, రాయి. పిన్ని మోకాలు ఎలాగుంది?

అత్త ఇప్పుడు పంచదారే పెడుతోంది గాని, పైన ఒక తులసాకు వేస్తోంది. ఈగలు ఆ ఆకు మీద వాలి తాగుతున్నాయి.