ముందు ఊరి పేరు

సోమయ్య కాకా, నువ్వు పోయి ఏడాదైంది. మన కాలేజీ లైబ్రరీ గుమ్మం పక్కన నీ అటెండరు స్టూలు అట్లాగే ఉంది.

మొన్న కొత్త లైబ్రేరియన్ల శిక్షణకు ఖమ్మం వెళ్లాను. ఉద్యోగంలో చేసిన ఒక తప్పు చెప్పమన్నారు. అందరూ కంప్యూటర్ల గురించి చెప్పారు. నేను మాత్రం, చేరిన వారంలోనే గుమ్మంలో నిలబడ్డ అడవి ఊరి అమ్మాయిని కార్డు అడిగి పంపేశానన్నాను. మా ఇంట్లో మొదట చదువుకున్నదాన్ని, నేనే అట్లా అడిగాను.

"ముందే కార్డడిగితే ఆగుతదా బిడ్డా? ఊరి పేరడుగు" అని నువ్వు కోప్పడ్డదీ చెప్పాను.

"ఆమె మళ్లీ వచ్చిందా?" అని శిక్షణ ఇచ్చే మేడం అడిగారు. రాలేదన్నాను.

ఈ రోజు ఇంకో అమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏ ఊరమ్మా?"

"ములకలపల్లి అవతల, మేడం."

"మరి గట్ల నిలబడ్డవేంది? లోపటికి రా."

చెప్పులు నీ స్టూలు కింద పెట్టి లోపలికి వచ్చింది.