'స్వల్ప అస్వస్థత' అన్న మాటకు సవరణ

తార్నాక వీధి నెంబరు ఎనిమిదిలో ఉంటున్న నేను, సి. ఓబులేసు, వయసు 68, విశ్రాంత విలేకరిని. మతి స్థిమితంగా ఉంది. షుగరు, కుడి మోకాలి నొప్పి ఉన్నాయి. ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్నాను. ఇంతకుముందు వీలునామా ఏదీ రాయలేదు. దీన్ని అమలు చేసే బాధ్యత నా పాత సహోద్యోగి గిరీష్‌ది.

1. నా స్వార్జితమైన ఇల్లు సామానుతో సహా నా ఏకైక కూతురు లావణ్యకు సర్వహక్కులతో చెందాలి. వానాకాలంలో వంటింటి తలుపు బిగుసుకుంటుంది. కింద తన్నాలి.

2. నా స్కూటరు, యూనివర్సిటీ లైబ్రరీ వెనక టీ బండి నడిపే రాజన్నకు. నా భార్య శారద ఆ లైబ్రరీలో పనిచేసేది. జబ్బు చేసిన రోజుల్లో ఎక్కడ నొప్పిగా ఉందో అతనికి చెప్పుకునేదట. ఆమె పోయాక తెలిసింది. "మీరు అడగలే సార్, నేను అడిగిన. అక్క చెప్పేది, చెప్పినంక నవ్వేది" అన్నాడు. ఊరందరినీ ప్రశ్నలడిగి బతికినవాడిని నేను.

3. పక్కింటి బుచ్చిరాములు గారికి నా కలర్ టీవీ. నిరుడు లావణ్యకు ఆరో నెలలో కడుపు పోయినప్పుడు ఆయన వచ్చి, "టీవీ వెట్టుకో బిడ్డా, అన్నీ మర్చిపోతవ్" అన్నారు. రిమోట్ ఇవ్వకూడదు. సౌండు తగ్గించాలంటే లేచి వెళ్లాలి. ఆరోజు నేను చేసిందీ గొప్పేం కాదు. మల్కాజ్‌గిరిలో లావణ్య వాళ్లింటికి యాపిల్స్ పట్టుకెళ్లి, క్రికెట్ స్కోరు చెప్పి వచ్చాను.

4. నా మరణానంతరం, నేను పనిచేసిన పత్రికలో గిరీష్ ఇది వేయించాలి: "సవరణ. 1993 ఆగస్టులో శారద స్వల్ప అస్వస్థతతో మరణించారని రాశాం. అది తప్పు. ఆమె మూడేళ్ల రెండు నెలలు రొమ్ము క్యాన్సర్‌తో బాధపడ్డారు. ఆ వార్త రాసింది ఆమె భర్తే. చింతిస్తున్నాం." ఆనాడు లావణ్య పత్రిక నా ముందు పెట్టి, "మూడేళ్ల నొప్పి నీకు స్వల్పమా నాయనా?" అంది. ఆ తర్వాత ఎప్పుడడిగినా "బాగున్నా" అనే అంటోంది.

5. నా సంవత్సరీకానికి ఉపన్యాసాలు వద్దు. రాజన్న మిర్చి బజ్జీ వేయాలి. ఎలా ఉన్నారని అడిగితే ఉత్తినే "బాగున్నా" అన్నవారికి రెండోది ఇవ్వకూడదు. ఈ షరతు రాజన్నకు చెప్పాను. "వీలునామాల బజ్జీ రాస్తరా సార్ ఎవలన్న?" అన్నాడు. రాశాను.

6. ఇది తర్వాత చేర్చింది. మార్చి 9 ఆదివారం లావణ్యకు ఈ కాగితం ఇచ్చాను. నాలుగోది రెండుసార్లు చదివింది. "పోయేదాకా ఎందుకు నాయనా? రేపే వెయ్యి" అంది. గురువారం ఐదో పేజీలో వచ్చింది. ఆ సాయంత్రం పత్రిక పట్టుకుని వచ్చి, పోయిన బిడ్డ గురించి చెప్పింది. ఆడపిల్ల. పేరు కూడా అనుకుందట. ఆ పేరు నేను రాయను, అది తను చెప్పుకోవాల్సింది. ఐదింటి నుంచి ఏడుంబావు దాకా మాట్లాడింది. నేను మూడే ప్రశ్నలు అడిగాను. తర్వాత స్కూటరు మీద రాజన్న దగ్గరికి వెళ్లాం. ఎట్లున్నవని అడిగాడు. "బాగలేను రాజన్నా, ఆకలేస్తోంది" అంది. "గట్లనాలె బిడ్డా!" అని ప్లేటు నింపాడు. ఐదు తింది.

కాబట్టి నాలుగో నిబంధన అమలైంది, రద్దు చేస్తున్నాను. మిగతావి నిలుస్తాయి. వాటికి తొందరేమీ లేదు.

తార్నాక, 16 మార్చి 1997
(సంతకం) సి. ఓబులేసు

సాక్షులు:
1. ఇమ్మానుయేల్, మెట్టుగూడ
2. బాలలక్ష్మి, అంబర్‌పేట్