యుగంధర్‌కి బండి తాళం ఇవ్వొద్దు

భాగ్యరేఖా,

బండి తాళం ఈ చీటీతో పాటే పప్పు డబ్బాలో పెట్టాను. యుగంధర్ అడిగితే ఇవ్వొద్దు. భిలాయి-3 ఊరికి లోడు ఉందంటాడు, కోప్పడతాడు. నీ మొగుడైనా సరే ఇవ్వొద్దు. మొన్న ఖుర్సీపార్ గేటు దగ్గర స్టీరింగు తిప్పినా బండి తిరగక, వాడు లారీ కిందకి పోబోయాడు.

నేను దుర్గ్ వెళ్తున్నాను. స్టీరింగు రాడ్డుకి కొత్త జాయింటు తీసుకుని మధ్యాహ్నానికి వస్తాను.

లోపం స్టీరింగు బాక్సులోనే అనుకుని నెల నుంచి దాని స్క్రూ బిగిస్తూ కూర్చున్నాను. తప్పు నాదే. నిన్న నేను బండి కింద పడుకుని ఒక్కో కీలూ పట్టి చూస్తుంటే, నువ్వు పైన గంటసేపు స్టీరింగు అటూ ఇటూ ఆడించావు. కాళ్ల దగ్గర రబ్బరు చిరిగిన చోట తొంగి చూసి, "మావయ్యా, ఊపర్‌వాలా రాడ్డు ఘూమ్ రహా హై, కిందది కదల్డం లేదు!" అన్నావు. "ఏటా గోల, తెలుగులో ఏడు" అని కసిరాను. లేచి చూస్తే నువ్వన్నదే నిజం, పై రాడ్డు తిరుగుతున్నా మధ్యలో జాయింటు అరిగి కిందది కదల్లేదు.

నా కొడుకు ఒక్కనాడూ ఆ బండి కింద దూరలేదు. అది మరిచిపోను. నువ్వు కూర్చున్నదీ మరిచిపోను.

మావయ్య

మీ అత్త ఈ పనికి కూర్చునేటప్పుడు సీటు మీద వేసుకునే దిండు నా ట్రంకు పెట్టెలో ఉంది. ఆవిడ పోయాక ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తీసి ఎండలో వెయ్యి. సాయంత్రం జాయింటు బిగించాక మళ్లీ నువ్వే కూర్చోవాలి.