మా నాయన పేరు

సుబ్బమ్మా,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. ఆళ్లగడ్డలో అందరం బాగున్నాం. మన మనవరాలు శాంత మన ఇంటి చరిత్ర రాయడం మొదలుపెట్టింది. మీ నాయన వైపు ఐదు తరాల పేర్లు పట్టింది. పొద్దున ఆ పెద్ద కాగితం తెచ్చి నా మంచం మీద పరిచింది. నా పేరు పైన మాత్రం ఖాళీగా ఉంది.

"తాతా, మీ నాయన పేరేంది? యాడోళ్లు మీరు?"

మన పెద్దోడు నవ్వాడు. "మీ తాతకు వెనకా ముందూ ఎవురూ లేరు లేమ్మా. అందుకే గదా ఇల్లరికం తెచ్చుకున్యారు."

అలాంటి అల్లుడే కావాలని మీ నాయన అన్నందుకే కదా, నాకెవరూ లేరని అప్పట్లో చెప్పాను. పెళ్లయిన ఏడాదికి మా నాయన ఆత్మకూరు నుంచి బస్సెక్కి, సంచి నిండా సీతాఫలాలు వేసుకుని వచ్చాడు. ఎవరని మీ నాయన అడిగితే, "మా ఊరాయన, మామా" అన్నాను. మా నాయన నా మొహం చూసి, "ఔనప్పా, ఊరోణ్ణే" అన్నాడు. నువ్వే ఆయనకు అన్నం పెట్టావు. ఆయన వెళ్లిపోయాక, "ఆ చేతులు అచ్చం నీవే గదా" అని నన్ను నిలదీశావు. నీకొక్కదానికే నిజం చెప్పాను.

ఇప్పుడు పేరు చెబితే అదంతా చెప్పాలి. "గుర్తు లేదమ్మా" అన్నాను.

"రేపు నంద్యాలలో అచ్చుకిస్తాండా తాతా. ఆలోపల గుర్తొస్తే చెప్పు" అంటూ శాంత ఆ ఖాళీలో పెన్సిలుతో 'తెలియదు' అని రాసింది.

ఆయన పేరు ఓబులేసు. నువ్వు పోయాక, అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.